మౌనంలో ఉన్నవాడి హాజరు

అవతల ఫోను మోగుతోంది. మోగి మోగి తనంతట తానే ఆగిపోతోంది, ఎత్తే నాథుడు లేడు. ఆమె టికెట్ల కిటికీ వెనక కూర్చుని, ఫోన్ని ఒళ్ళో దాచుకుని, మళ్ళీ అదే నంబరు నొక్కింది. డ్యూటీలో ఫోను ముట్టుకోరాదని ఈతకొలను మేనేజరు కిటికీకి లోపలివైపు కాగితం అంటించాడు. ముట్టుకుంటే ఏమవుతుందో కూడా కిందనే రాయించాడు: మొదటిసారి మందలింపు, రెండోసారి జీతంలో కోత, మూడోసారి ఇంటికి. ఆ కాగితాన్ని చూస్తూనే ఆమె ఫోను చెవికి ఆనించింది. "పెద్దవాళ్ళది ఒకటి, లాకరు ఒకటి" అంటున్నారెవరో కిటికీ ముందు. చేతులు వాటంతటవే టికెట్టు చింపి, తాళంచెవి అందించాయి. లోపలినుంచి క్లోరిన్ వాసన, తడి కాళ్ళ చప్పుడు, ఈత మాస్టారి విజిలు. ఎత్తండి తాతయ్యా, ఒక్కసారి ఎత్తి నాలుగు చివాట్లు పెట్టండి, హెడ్‌మాస్టరమ్మా అని దెప్పండి, పడి ఉంటాను, ఎత్తండి. ఎత్తలేదు. మోగడం ఆగింది.

తాతయ్య అంటే చుట్టమేం కాదు, ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలియదు. మూర్ఛ వచ్చే మనుషులు, అందులోనూ ఒంటరిగా బతికేవాళ్ళు, మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ఫోరం ఒకటుంది. అందులో ఎవరికీ అసలు పేరుండదు. ఆయన జీవితమంతా లిఫ్టులు బిగించిన మెకానిక్కు గనక లిఫ్టు తాతయ్య. ఈమె రోజంతా నీళ్ళ పక్కనే ఉంటూ ఒక్కనాడూ నీళ్ళలోకి దిగలేనిది గనక గట్టు. గట్టున కూర్చుని ఎన్ని నీతులైనా చెప్పొచ్చు అని ఆయన మొదటిరోజే వేళాకోళమాడి, అప్పట్నుంచి గట్టమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ ఫోరంలో హాజరు అని ఒక ఆచారముంది. పొద్దున్న లేచి పళ్ళు తోముకునేలోపు హాజరు పేజీలో 'ఉన్నాను' అని రాయాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు. రాయకపోతే? అందుకే జత. ప్రతి ఒక్కరికీ ఒక జత ఉంటారు. జత హాజరు పడకపోతే రెండోవాళ్ళు ఫోను చెయ్యాలి, ఎత్తకపోతే మనిషిని పంపాలి. స్నానాలగదిలో పడి, తలుపు వెనక పడి, ఆ ఒక్క మాట పుణ్యాన బతికి బట్టకట్టినవాళ్ళు ఉన్నారందులో. ఆమెకు జత లిఫ్టు తాతయ్య. లిఫ్టు తాతయ్యకు జత ఆమె.

మరి నిన్న ఎందుకు చెయ్యలేదు ఫోను? మొన్న ఎందుకు చెయ్యలేదు? ఎందుకంటే ఆయన హాజరు ఎందుకు పడలేదో ఆమెకు తెలుసు. తెలుసనుకుంది. ఫోరంలో నియమాలు కాసే మోడరేటరు తనే, ఆయన నోటికి తాళం వేసిందీ తనే కదా! సోమవారం సాయంత్రం ఇదే బల్ల దగ్గర, లెక్క అప్పజెప్పి లేస్తూ లేస్తూ, మూడు చోట్ల నొక్కింది: నియమం ఉల్లంఘన, మౌనం, ఏడు రోజులు. ఫోరంలో శిక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ముందు హెచ్చరిక, తర్వాత ఒకరోజు మౌనం, ఆ తర్వాత ఏడు రోజులు, చిట్టచివర వెలి. మౌనంలో ఉన్నవాళ్ళు అన్నీ చదవొచ్చు, ఏదీ రాయలేరు, విడిగా ఉత్తరమైనా పంపలేరు. ఈ మెట్లన్నీ ఫోరం పెట్టిన నర్సమ్మ కట్టినవి. మొదటి నియమం కూడా ఆమెదే: మందు ఎంత వేసుకోవాలో ఒకరికొకరు చెప్పకూడదు. ఒకప్పుడు ఎవరో మంచి చెప్తున్నాననుకుని ఒక పిల్లకు మందు మార్చమని చెప్పాడట, ఆ పిల్ల ఆస్పత్రిలో కళ్ళు తెరవడానికి వారం పట్టిందట. నర్సమ్మ ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు పెంచదు, తగ్గిస్తుంది. అందుకని ఆ నియమం దగ్గర తను ఎవర్నీ చూసీచూడనట్టు వదిలిపెట్టదు. వదిలిపెట్టకూడదు కూడా. తప్పేముంది అందులో? తప్పు లేదనే కదా మొన్నంతా, నిన్నంతా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

ఆ రోజు మిణుగురు అనే కొత్తమ్మాయి అడిగింది, మాత్ర వేసుకుంటే మగతగా ఉంటోంది, పనిలో నిలబడలేకపోతున్నాను, ఏం చెయ్యను అని. డాక్టర్ని అడగమ్మా అనాలి ఎవరైనా. ఈయన రాశాడూ, 'సగం చెయ్యి తల్లీ. నాకూ మాత్ర మింగితే చేతులు వణికి స్క్రూ నిలిచేది కాదు. నెలనుంచి సగమే వేసుకుంటున్నా, హాయిగా ఉన్నా' అని. ఆయనకిది మూడోసారి. ఆమెకు ఒళ్ళు మండింది. తుడిచేసింది ఆ రాతని, ఎవరి కంటా పడకముందే. ఆయన ఊరుకోకుండా 'మా హెడ్‌మాస్టరమ్మ బెత్తం పట్టుకొచ్చింది, అందరూ నోటి మీద వేలేసుకోండి' అని ఇంకోటి రాశాడు, నలుగురూ నవ్వారు. అప్పుడు నొక్కింది మౌనం. నవ్వినందుకు నొక్కిందా, నియమానికి నొక్కిందా? ఇప్పుడది కాదు ప్రశ్న. ఇప్పుడు ఆమెను పట్టుకున్న మాట వేరే ఉంది. నెలనుంచి సగమే వేసుకుంటున్నా. అయ్యో, ఆయన ఆ మాట చెప్పింది ఎవరికి, కొత్తమ్మాయికా? తన జతకు ఎదురుగా, అందరి ముందూ, నెలరోజులుగా సగం మందు మీద బతుకుతున్నానని చెబుతుంటే, ఆమె దాన్ని ఒక అమ్మాయికి పొంచిఉన్న ముప్పుగానే చదివింది. ఆయన సంగతేమిటని ఒక్క ప్రశ్నైనా అడగలేదు. పైగా తుడిచేసింది. ఇంకెవరైనా చదివి ఉంటే వాళ్ళైనా అడిగేవాళ్ళేమో.

"ఏమ్మా, చిల్లర ఇవ్వలేదు" అంది కిటికీ ముందు ఒకావిడ. ఇచ్చింది. ఎంత ఇచ్చిందో తెలియదు, ఆవిడ మాట్లాడకుండా వెళ్ళింది కాబట్టి సరిపోయుండాలి. అద్దాల తలుపు అవతల కొలను నీలంగా, తళతళలాడుతూ, ఏమీ ఎరగనట్టు ఉంది. ఒడ్డున పరుగెత్తినందుకో, తల కిందికి దూకినందుకో ఒక బొజ్జాయన్ని ఈత మాస్టారు విజిలేసి బయటికి లాగి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఇక్కడి శిక్ష అది, బెంచీ. బొజ్జాయన తువ్వాలు కప్పుకుని, అలిగిన పెళ్ళికొడుకులా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. రోజూ చూసేదే, రోజూ నవ్వొచ్చేదే. ఇవాళ ఆమె చూపు ఆ బెంచీ దగ్గర ఆగిపోయింది. ఆ బెంచీ మాస్టారి కుర్చీకి మూరెడు దూరంలో ఉంటుంది. తల తిప్పకుండానే కనిపిస్తుంది. శిక్షలో ఉన్నవాడు మాస్టారి కళ్ళముందే ఉంటాడు, దగ్గినా వినిపిస్తుంది. తను కూర్చోబెట్టినాయన ఎక్కడున్నాడు? ఏ నేల మీద? ఏ తలుపు వెనక?

ఈ పొద్దున ఆ అమ్మాయి అడగకపోయుంటే ఇంకా నాలుగు రోజులు ఇలాగే గడిచేవి. మిణుగురు హాజరు వేసి, దాని కింద రాసింది, 'లిఫ్టు తాతయ్య హాజరు మూడు రోజులుగా లేదు, ఎవరూ అడగరేం?' అని. ఒకరు రాశారు, ఆయన మౌనంలో ఉన్నాడమ్మా, శిక్ష అని. ఇంకొకరు, వచ్చే వారం వస్తాడులే, వచ్చి ఇంతకింత వాగుతాడు అని. పాతవాళ్ళందరికీ తెలుసు గనక ఎవరూ అడగలేదు. ఏమీ తెలియని పిల్ల మళ్ళీ అడిగింది, 'మరి ఆయన పేరు కింద ఉన్నాను, మంగళవారం అని ఉంది కదా. ఇవాళ గురువారం కదా?' ఆమె అప్పుడు టికెట్ల పెట్టె తాళం తీస్తోంది. తాళంచెవి చేతిలోంచి జారి బల్ల కింద ఎక్కడో పడింది. ఫోరంలో ప్రతివాళ్ళ పేరు కిందా ఒక చిన్న వాక్యం పెట్టుకోవచ్చు. ఒకసారి పెట్టుకున్నాక ఎవరూ దాన్ని మార్చరు, ఎవరూ దాన్ని చూడరు. ఆయన వాక్యం ఎప్పుడూ ఒకటే, 'ఎందర్నో పైకి పంపినవాణ్ణి, నేనింకా కిందే ఉన్నా.' అది లేదిప్పుడు. దాని చోట 'ఉన్నాను. మంగళవారం' అని ఉంది. మౌనం అన్నిటికీ తాళం వేసింది గానీ ఆ ఒక్క వాక్యానికి వెయ్యలేదు. లిఫ్టు ఇరుక్కుపోతే ఎక్కడ సందుందో వెతికే మనిషి కదా, ఆ సందులోంచి చెయ్యి బయటపెట్టి హాజరు వేశాడు. చూస్తుందనుకున్నాడు. జత కదా, చూడకేం చేస్తుంది అనుకున్నాడు. బుధవారం చెయ్యి బయటికి రాలేదు.

వెంటనే మౌనం ఎత్తేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది, కానీ ఎత్తేసింది. 'తాతయ్యా, హాజరు' అని రాసింది. మోడరేటర్లకు ఎవరు ఎప్పుడు వచ్చి చూసి వెళ్ళారో కనిపిస్తుంది. మంగళవారం చీకటిపడేముందు వచ్చాడు, ఆ తర్వాత లేదు. తెల్లారితే ముందు ఫోరం, తర్వాతే మొహం కడుక్కోవడం అనే మనిషి! అలిగాడేమో. అలిగాడు, అంతే, అలిగి ఫోను పక్కన పడేసి ఉంటాడు. ముసలాళ్ళ అలక పసిపిల్లల అలక కంటే మొండిది. ఒకప్పుడు తను అలగలేదూ? చిన్నప్పుడు, మూర్ఛ మొదలైన కొత్తల్లో, స్నానానికి వెళితే గడియ వెయ్యనిచ్చేది కాదు అమ్మ. తలుపు బయటే పీట వేసుకుని కూర్చుని, చేటలో ఏదో ఏరుకుంటూ, ఉండుండి "ఉన్నావా?" అనేది. "ఉన్నా" అనాలి. నీళ్ళు పోసుకుంటూ, సబ్బు రుద్దుకుంటూ, "ఉన్నావా?" "ఉన్నా." "ఉన్నావా?" "ఉన్నానే అమ్మా, చంపకు." ఒకరోజు దేనికో అమ్మ మీద కోపమొచ్చి, గడియ పెట్టేసింది. "ఉన్నావా?" అంటే పలకలేదు. మళ్ళీ అడిగితే పలకలేదు. లోపల మూల నక్కి నవ్వుకుంటోంది. మూడోసారి అమ్మ గొంతు మారిపోయింది. అది అమ్మ గొంతులా లేదు. రోకలి తెచ్చి తలుపు మీద కొట్టింది. గడియ ఊడి గోడకు తగిలింది. తడిగా, నిక్షేపంలా నిలబడిన కూతుర్ని చూసి అమ్మ ముందు వీపు పగలగొట్టింది, తర్వాత ఆ తడి నేల మీదే కూలబడి ఏడ్చింది. "పలకకపోతే నాకేం తెలుస్తుందే? కోపమో, పోయావో నాకెలా తెలుస్తుంది?" అంది.

నాకెలా తెలుస్తుందే అమ్మా అనుకుంది ఆమె ఇప్పుడు. అలకైతే బాగుండు. వీపు పగలగొట్టి ఏడవొచ్చు. ఎడమచేతి బొటనవేలు జివ్వుమంది. మూర్ఛ వచ్చేముందు ఆమెకు అక్కడే మొదలవుతుంది, బొటనవేలి కొసన చీమ పాకినట్టు. ఆ తర్వాత కాలిన రబ్బరు వాసన, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఇప్పుడా? వద్దు, ఇప్పుడొద్దు. వాసన వస్తోందా? క్లోరిన్ వాసనే. క్లోరినేనా? గట్టిగా పీల్చింది. భయం వల్ల వచ్చేది మూర్ఛా, మూర్ఛ వల్ల వచ్చేది భయమా, ఇన్నేళ్ళయినా తేడా పట్టుకోవడం రాలేదు. ఇక్కడ పడితే, ఈ బల్ల వెనక, జనం ముందు, మేనేజరు ముందు? నీళ్ళ పక్కన ఉద్యోగం, ఇలాంటి రోగముందని చెప్పకుండా చేరింది. తెలిస్తే మూడోసారి దాకా ఆగడు, మొదటిసారే ఇంటికి. ఇంకో సంగతి తట్టింది ఆమెకు. తన జత ఆయనే కదా. ఈ రెండు రోజులు తను పడిపోయినా అడిగే దిక్కు లేదు. ఒక్క నొక్కుతో ఇద్దరి కాపలా తీసేసింది. బొటనవేలిని కుడిచేత్తో పట్టుకుని నలుపుతూ కూర్చుంది. మెల్లగా ఆ జివ్వు తగ్గింది, లేదా తగ్గిందనుకుంది.

అత్యవసరానికి ఉండే నంబరుకు చేసింది. అవతల ఒక ఆడగొంతు, నిదానంగా, అన్నీ అడిగింది. ఏ ఊరు, ఏ వీధి, ఏమైంది. "ఏమైందో తెలియదండీ. ఫోను ఎత్తడం లేదు." "ఆయన మీకేమవుతారు?" ఏమవుతాడు? "జతండీ" అంది. "భర్తా?" "కాదండీ. తాతయ్య. అంటే తాతయ్య కాదు, అలా పిలుస్తాం." "చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?" ఎప్పుడూ మాట్లాడలేదు. "సోమవారం నేనే ఆయన్ని మాట్లాడొద్దన్నానండీ." అవతల ఏదో టైపు చేసుకుంటున్న చప్పుడు. తర్వాత, ఏ మాటకామాటే, మర్యాదగానే చెప్పింది, "బండి పంపిస్తానమ్మా. కానీ ఈ వివరాలతో తలుపు పగలగొట్టలేరు. దగ్గరలో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ముందు వెళ్ళి చూడమనండి." దగ్గరలో ఎవరున్నారు? ఆయన ఊరు రైలెక్కినా సగంపూట పడుతుంది. నర్సమ్మ వార్డులో ఉంటుంది, ఆమె ఫోను మధ్యాహ్నందాకా బీరువాలో ఉంటుంది, నాలుగుసార్లు చేసి చూసింది. ఫోరంలో ఇంతమంది ఉన్నారు, ఎవరిది ఏ ఊరో ఎవరికీ తెలియదు. రెండో నియమం అదే. ఎవరి పేరూ, ఊరూ, ఇల్లూ, నంబరూ బయటపెట్టకూడదు. పెట్టినవాళ్ళకు మెట్లు లేవు, తిన్నగా వెలి.

ఆ నియమం ఊరికే పుట్టలేదని ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఒక డ్రైవరు అసలు పేరు ఎవరో నోరుజారి చెబితే వారంలో ఆయన ఉద్యోగం పోయింది. జత కట్టిన రోజున ఒకరి చిరునామా ఒకరికి ఇచ్చుకునేటప్పుడు తాతయ్య రాశాడు, 'ఇది నీ దగ్గరే ఉండాలి గట్టమ్మా. ఈ మేడలో లిఫ్టు బాగుచేసేది నేనే. నాకు మూర్ఛని తెలిస్తే నన్నా పెట్టెలోకి ఎక్కనివ్వరు. పడిపోవడం అలవాటైపోయింది, పక్కింటివాళ్ళు జాలిపడ్డమే ఓర్చుకోలేను.' అని. ఆయన భయమంతా అదీ. ఇప్పుడు చిరునామా రాస్తే అందరికీ తెలుస్తుంది, వెళ్ళినవాళ్ళు తలుపులు కొడతారు, పక్కవాళ్ళు ఎందుకని అడుగుతారు. ఆయన నిజంగా అలిగి, హాయిగా ఉప్మా చేసుకుని తింటూ ఉంటే? ఆయన బతుకు బజారున పెట్టినదాన్నవుతాను. ఆయన బాగానే ఉంటే నన్ను చచ్చినా క్షమించడు. బాగాలేకపోతే... కీడెంచి మేలెంచమన్నారు. ఎంచింది. ఇంకో టికెట్టు చింపింది, ఇంకో తాళంచెవి ఇచ్చింది.

రాసింది. ఊరు రాసింది, వీధి రాసింది, పాల దుకాణం వెనక పసుప్పచ్చ మేడ, ఐదో అంతస్తు అని రాసింది. 'లిఫ్టు తాతయ్య మంగళవారంనుంచి లేరు. ఎవరిది ఆ ఊరో వాళ్ళు పరుగెత్తండి' అని పెట్టేసింది. పెట్టాక ఊపిరి పీల్చుకుంది. ఊపిరి పీల్చుకునేలోగా కిందనే వచ్చిపడ్డాయి. ఇదేమిటి, చిరునామా పెట్టారేం అని ఒకరు. మోడరేటరే ఇలా చేస్తే మా గతేమిటి అని ఒకరు. రేపు మా ఇల్లు కూడా ఇలాగే పెడతారా అని ఇంకొకరు, పాపం భయపడుతూ. నా ఊరు అదే, వెళ్తున్నా, అని మిణుగురు. దేవుడున్నాడు అనుకుంది ఆమె. దారి చెబుదామని వేళ్ళు ఆనించింది. అక్షరాలు పడలేదు. మళ్ళీ నొక్కింది. తెర మీద ఎర్రగా ఒక గీత వచ్చింది: 'ముగ్గురు సభ్యులు ఫిర్యాదు చేశారు. విచారణ ముగిసేవరకు మీరు మౌనంలో ఉన్నారు.' ఆ ఏర్పాటు కూడా నర్సమ్మదే. ముగ్గురు ఫిర్యాదు చేస్తే యంత్రమే నోరు నొక్కేస్తుంది, మోడరేటరైనా సరే, తేల్చేది నర్సమ్మ ఒక్కతే. ఎన్నోసార్లు ఎందరికో తను చెప్పిన మాటే, మౌనం అంటే ఏముందండీ, చదువుకోవచ్చు కదా, రాయడమొక్కటే కదా లేనిది అని.

చదువుకుంది. అద్దం అవతలినుంచి చూస్తున్నట్టు చదువుకుంది. ఆయన పేజీ, ఆయన నంబరు అన్నీ అందుతున్నాయి, మాట మాత్రం అందడం లేదు. రాసిన చిరునామా కూడా ఫిర్యాదుతో పాటే మాయమైంది. మిణుగురు మళ్ళీ రాసింది, 'మేడ దొరికింది. లిఫ్టు పని చెయ్యట్లేదు, మెట్లెక్కుతున్నా.' లిఫ్టు పని చెయ్యడం లేదు. ఆ మేడలో లిఫ్టు ఆగితే బాగుచేసేది ఆయనే కదా. ఎప్పట్నుంచి ఆగిందో? కాసేపటికి మళ్ళీ, 'ఐదో అంతస్తులో నాలుగు తలుపులున్నాయి. బోర్డుల్లేవు. కొడుతుంటే ఎవరూ తియ్యట్లేదు, అందరూ పనులకు పోయినట్టున్నారు. గట్టు గారూ, ఏ తలుపు?' ఆమె 'మెట్లకు ఎడమవైపు, కొస' అని పైకే అనేసింది. కిటికీ ముందున్నాయన ఉలిక్కిపడి ఎడమవైపు చూశాడు. 'గట్టు గారూ, ఉన్నారా?' అని పడింది తెర మీద. ఉన్నారా? ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నా, పలకలేకపోతున్నా. 'గట్టు గారూ?' అమ్మ మూడోసారి పిలిచినప్పటి గొంతు గుర్తొచ్చింది. ఈ పిల్ల కూడా మూడోసారి పిలిచి, ఇక లాభం లేదని మెట్లు దిగి వెళ్ళిపోతే? వెళ్ళిపోతుందేమో. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపు మధ్యలో, అదెక్కడినుంచి వచ్చిందో గానీ, పేరు కింది వాక్యం గుర్తొచ్చింది.

ఆమె వాక్యం 'నియమాలు మన మేలుకే' అని ఉంటుంది. చెరిపేసింది. రెండుసార్లు తప్పు పడింది. 'ఎడమవైపు కొస తలుపు. నాకు ఫోన్ చెయ్యి' అని రాసి, పక్కన తన సొంత నంబరు పెట్టింది. ఇన్నేళ్ళుగా ఏ చీకట్లో దాచుకుందో ఆ నంబరు, ఎవరు కావాలంటే వాళ్ళు చూడొచ్చిప్పుడు. చూస్తుందా ఆ పిల్ల? పాతవాళ్ళెవరూ చూడరు. కొత్తది, ఇంకా పేర్ల కింద వాక్యాలు చదివే పిల్ల. చదువు తల్లీ, మొన్న ఆయనది చదివినట్టే చదువు. లోపల విజిలు మోగింది. మాస్టారు బొజ్జాయన్ని ఇక లేవొచ్చన్నట్టు చెయ్యూపాడు. బొజ్జాయన లేచి, అలకంతా మర్చిపోయి, మెల్లగా నిచ్చెన పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. ఒళ్ళో ఫోను మోగింది. తెలియని నంబరు. అది మోగిన చప్పుడుకు మేనేజరు గది తలుపు తెరుచుకుంది. తెరుచుకోనీ అనుకుంది, ఎత్తింది.

"అక్కా, నేను. ఎడమ కొస తలుపే కదా? చెవి పెడితే లోపల పంపు కారుతున్నట్టుంది. అంబులెన్సువాళ్ళు కూడా వచ్చారు, వాచ్‌మన్‌ గునపం తెస్తున్నాడు. పగలగొట్టమంటావా? నువ్వు ఆయనకేమవుతావని అడుగుతున్నారు, కూతురువని చెప్పాను." "పగలగొట్టమను" అంది ఆమె. మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు, ఏదో అంటున్నాడు, కాగితం వైపు వేలు చూపిస్తున్నాడు. ఫోనులో ఇనుము చెక్కకు తగిలిన చప్పుడు. ఒకటి. ఇంకొకటి. అమ్మ రోకలి చప్పుడే అది, ఇన్నేళ్ళకు మళ్ళీ. తలుపు ఊడిపడింది, మనుషుల అడుగులు, ఎవరో అయ్యో అన్నారు. ఆ అయ్యో దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది.

"ఉన్నారా?" అంది. గొంతు తనది కాదు. "వంటగది గుమ్మంలో పడిపోయున్నారక్కా. తలకు దెబ్బ తగిలింది, రక్తం ఎండిపోయింది." "ఊపిరి?" "ఉందక్కా, ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. అంబులెన్సాయన పేరడుగుతున్నాడు, రోజేమిటని అడుగుతున్నాడు, ఈయనేం చెప్పట్లేదు. వినపడుతున్నట్టే ఉంది, కానీ మూతి బిగించుకుని ఊరికే చూస్తున్నారు. మాట పడిపోయిందేమోనంటున్నారు." మూర్ఛ వచ్చి వెళ్ళాక మనసు ఎక్కడో ఒక మాటను పట్టుకుని వేలాడుతుంది, పాత మాట, చివరగా విన్న మాట, దాన్ని వదలదు. ఆమెకు తెలుసది, తనకూ అవుతుంది. ఆయన ఏ మాటను పట్టుకుని ఉన్నాడు? "ఫోను ఆయన చెవి దగ్గర పెట్టమ్మా" అంది.

ఊపిరి వినిపించింది. సన్నగా, ఎండిన గడ్డి కదిలినట్టు. "తాతయ్యా, నేను గట్టుని." ఊపిరి ఆగి, మళ్ళీ కదిలింది. "తాతయ్యా, ఒక్క మాట అనండి. ఏదైనా సరే, తిట్టండి. వాళ్ళడిగింది చెప్పండి. మీరు పలకకపోతే నాకెలా తెలుస్తుంది?" మేనేజరు కాగితం వైపు చూపిస్తున్న వేలు దించాడు. తర్వాత, రెండు రోజుల దాహంతో పగిలిపోయిన గొంతు, బెత్తం ముందు నిలబడ్డ పిల్లవాడిలా, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

"గట్టమ్మా... మాట్లాడొచ్చా? శిక్ష అయిపోయిందా?"

అడిగి, ఆయన జవాబు కోసం ఆగాడు.